కుందేలమ్మ కట్టిన తీగ

ఎండల ఊరి నుంచి మంచుకొండకు కాపురం వచ్చిన కుందేలమ్మకు, కొడుకు కాలు ఎక్కడ విరుగుతుందోనని ఒకటే దిగులు. అక్కడ పిల్లలకు చెక్కల మీద నిలబడి మంచులో జారడం నేర్పేది ముసలి ఎలుగుబంటి. వారం నుంచి ఆయన నేర్పుతున్నది ఒక్కటే: పక్కకు ఒరిగి, పిర్రల మీద పడడం.

“పడడానికి కూడా గురువెందుకండీ? మావాడికి అది పుట్టుకతోనే వచ్చు,” అంది కుందేలమ్మ.

“మీకు రాదుగా తల్లీ,” అన్నాడు ఎలుగు ఆవలిస్తూ.

ఆమె మూతి తిప్పుకుని, కొడుకు నడుముకు ఒక అడవితీగ కట్టి, రెండో కొస తన నడుముకు బిగించుకుంది. వాడు జారాడు. తీగ లాగేసరికి ఆమె బోర్లా పడి, కొడుకును కూడా దాటుకుని లోయ వైపు దూసుకుపోయింది.

వాడు తాపీగా పక్కకు ఒరిగి, పిర్రల మీద కూలబడ్డాడు. తీగ బిగిసింది. కుందేలమ్మ సరిగ్గా లోయ అంచున ఆగింది.

“పిర్రల మీద పడాలమ్మా, ముక్కు మీద కాదు,” అన్నాడు వాడు.

మర్నాడు పిల్లల వరసలో అందరికన్నా వెనక, అందరికన్నా పొడుగ్గా, పిర్రలకు దట్టంగా నాచు చుట్టుకుని కుందేలమ్మ నిలబడి ఉంది.