ఇంటి మాట

మనవాళ్ల నంబరుతో, అచ్చం వాళ్ల గొంతుతో దొంగలు ఫోన్ చేయడం మామూలైపోయాక, ప్రతి ఇంటికీ ఒక రహస్య మాట ఉండాలని నేర్పింది ఇందుమతే. విశాఖ సైబర్ రక్షణ కేంద్రానికి ఆవిడే పెద్ద. "ఏడుస్తూ చేస్తే కన్నతల్లినైనా నమ్మకండి" అని టీవీలో చెప్పేది. ఆడమనిషికి ఇంత గుండె నిబ్బరమా అంటూ అవార్డు కూడా చేతిలో పెట్టారు.

ఒకరోజు దొంగలు ఒక ఆస్పత్రి కంప్యూటర్లలోకి చొరబడి యంత్రాలన్నీ ఆపేశారు. ఊపిరాడక ఇద్దరు పసికందులు పోయారు. విలేకరుల ముందు రెప్ప వాల్చకుండా జవాబులు చెప్పి, ఇందుమతి కారెక్కి తలుపు వేసుకుంది. కూతురికి ఫోన్ చేసింది.

"చరితా... నేనే, అమ్మని..." మాట మధ్యలో వెక్కింది.

"ఇంటి మాట చెప్పండి."

"పనసపొట్టు." ఇక ఆపుకోలేక భోరుమంది.

"అదీ కొట్టేశారా! గొంతు అచ్చు దింపేశారు గానీ, ఏడ్చి దొరికిపోయారండీ. తాతయ్య పోయినప్పుడు కూడా మా అమ్మ ఏడవలేదు."

ఫోన్ కట్టయింది. క్షణంలో మెసేజ్ వచ్చింది. "అమ్మా, నీ నంబరుతో, నీ గొంతుతో ఎవరో ఏడుస్తూ ఫోన్ చేశారు. నువ్వు చెప్పినట్టే కట్ చేసేశా!"

ఇందుమతి కళ్లు తుడుచుకుని జవాబు రాసింది.

"శభాష్ తల్లీ. మళ్లీ చేసినా ఎత్తకు."