పసుపు కంచె

తనిఖీ అధికారి రేకులు నొక్కే ప్రెస్సు మిషను చుట్టూ ఉన్న పసుపు కంచెను చూసి, కార్మికుల భద్రతకు దేశం ఒప్పుకున్న అంతర్జాతీయ నిబంధన ఇక్కడ అమలవుతోందని రాసుకుని వెళ్లాడు. ఆయన కారు గేటు దాటిందో లేదో, మేనేజరు నావైపు తిరిగాడు.

"రాత్రికి పీకెయ్. అది అడ్డముంటే పని సాగి చావదు."

ఏటా దాన్ని బిగించేదీ, విప్పేదీ నేనే. పోయినేడు నేను విప్పిన మర్నాడే మా బావ చెయ్యి ప్రెస్సులో పడింది. మనిషి దక్కలేదు. అక్క ఇప్పటికీ నా మొహం చూడదు.

రాత్రి షెడ్డులో నేనొక్కణ్నే ఉన్నాను. మెయిన్ స్విచ్ దించి, మూడు బోల్టులు విప్పి, నాలుగోదాని నట్టు పట్టుకోవడానికి వదులైన కంచెను తోసుకుని లోపలికి దూరాను.

వెనక స్పానరు చప్పుడైంది. విప్పిన బోల్టులను బయటి నుంచి ఎవరో తీరిగ్గా బిగిస్తున్నారు.

"ఈసారి కంచె ఉండనీలే, బామ్మర్దీ."

గోడ మీద మెయిన్ స్విచ్ టక్కున పైకి లేచింది.