కరవని గుర్రం

జీను పట్టీ బిగిస్తే పందెపు గుర్రం మెరుపు కరవలేదు. గుర్రాలవాడు ఎల్లేశానికి దిగులు పట్టుకుంది. వెనకటి రోజుల్లో కడుపులో పుండున్న గుర్రం, పట్టీ బిగించగానే తల తిప్పి బిగించేవాడి భుజం కరిచేది. ఇప్పుడు పుట్టగానే మెడలో చిప్పు పెడుతున్నారు. నొప్పి తెలియదు, పరుగు తగ్గదు.

"దాణా సగం ఇడ్సిపెట్టింది సార్. ఇయ్యాల ఉరికియ్యొద్దు."

ట్రైనర్ చిప్పు లెక్కలు కనబడే తెర చూపించాడు. "నొప్పి సున్నా. మధ్యలో నీకేం బాధ?"

పందెంలో మెరుపు అన్నిటికంటే ముందు గీత దాటింది. దాటి, అక్కడే కూలబడి చచ్చిపోయింది. పుండు ముదిరి కడుపుకు చిల్లుపడిందన్నాడు డాక్టరు.

పొద్దుగూకే వేళకు ఎల్లేశం ఇంట్లో కంచం ముందు కూర్చున్నాడు. నాలుగు ముద్దలు తిని లేవబోతే పెళ్లాం సుగుణ ఆపింది.

"వారం సంది గిట్లనే సగం బువ్వ ఇడ్సిపెడ్తున్నవ్. కడుపుల నొస్తుందా?"

"ఏం నొస్తలేదు," అన్నాడు అలవాటుగా. అని, కంచం వంకే చూస్తూ ఉండిపోయాడు. నాగాలు పెట్టకుండా ఉంటారని, పోయినేడు లాయంలో పనివాళ్ల మెడల్లోనూ అవే చిప్పులు పెట్టించారు.

సుగుణ చెయ్యి పట్టుకుని తన పొట్ట మీద ఆనించుకున్నాడు.

"గట్టిగ ఒత్తు."

ఆమె ఒత్తింది.

"ఇంకా," అన్నాడు.