కనబడుటలేదు

“కల్పించి రాయమన్నాను టీచర్, పేపర్లోది ఎత్తి రాయమనలేదు!” అన్నాడు బాపిరాజు నవ్వుతూ.

సంగారెడ్డిలోని ఆ బడి హాల్లో టీచర్లంతా గొల్లున నవ్వారు. పత్రికలకు జిల్లా పేజీలు కొత్తగా వచ్చిన రోజులవి. పిల్లలకు దినపత్రికతో పాఠాలెలా చెప్పాలో టీచర్లకు నేర్పమని పత్రికవాళ్లు బాపిరాజును పంపారు. భోజనాలయ్యాక కునికిపాట్లు పడుతున్నవాళ్లను లేపడానికి, తప్పిపోయిన మనిషి గురించి ఒక ప్రకటన రాయమన్నాడతను. అందరూ బుర్రలు గోక్కుంటుంటే సుమిత్ర టీచర్ మాత్రం చిటికెలో రాసిచ్చింది.

“పేపర్లది కాదు సార్. నేనే రాసిన,” అందామె.

బాపిరాజు మళ్లీ చదివాడు. పేరు యాదగిరి, ఇరవై రెండేళ్లు, చామనఛాయ. పటాన్‌చెరులో కంపెనీ డ్యూటీకని వెళ్లి తిరిగి రాలేదు. నవ్వితే ఎడమ బుగ్గన సొట్ట. పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగదు.

కల్పించి రాసేవాళ్లెవరికీ పచ్చిపులుసు తోచదు. అతని నవ్వు ఎగిరిపోయింది.

అందరూ టీలకు లేచాక వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు. “మీ అబ్బాయా అమ్మా?”

ఆమె తలూపింది. “మా ఆయనకు కంపెనీల మందుపొగకు కండ్లు పోయినయ్ సార్. పొద్దుగాల లేస్తే, పిలగాని సంగతి పేపర్ల ఏసిన్రా అని అడుగుతడు. ఏసిన్రని చెప్పి, గిదే సదివినట్టు ఇనిపిస్త. గప్పుడు బుక్కెడు బువ్వ తింటడు.”

“అంటే నిజంగా వేయించలేదా?”

“లేదు సార్.”

ఇంత పెద్ద పత్రికలో పనిచేస్తూ ఈ తల్లికి ఆసరా కాకపోతే తన ఉద్యోగం ఎందుకు అనుకున్నాడు బాపిరాజు. “ఫొటో ఉంటే ఇవ్వండి. రేపే జిల్లా పేజీలో వేయిస్తాను.”

“వద్దు సార్, మీ కాళ్లు మొక్కుత!” ఆమె కాగితం గుంజుకుంది. “ఇంద్రేశంల కొత్తగ కిరాయికి దిగినం. ఆడ మా సంగతి ఎవలకు తెల్వది. పేపర్ల పడితే కంపెనీ పిలగాండ్లు ఎతుక్కుంట ఇంటికొస్తరు. ఆయనతోని మాట్లాడుతరు.”

“రానివ్వండి! ఒక్కడైనా ఆచూకీ చెప్తాడు కదా!” అతనికి ఒళ్లు మండింది. “నలుగురూ ఏమనుకుంటారోనని కన్నబిడ్డను వదులుకుంటారా?”

“పరువు కోసం కాదు సార్. ఆయనకు గుండె మంచిగ లేదు. పిలగాడు ఇయ్యాల కాకుంటే రేపొస్తడని పానం పట్టుకొని ఉన్నడు.”

“మరైతే వెతకొద్దా అమ్మా? ఆ కుర్రాడు ఎక్కడ ఏ అవస్థ పడుతున్నాడో!”

సుమిత్ర కొంగుతో మొహం తుడుచుకుంది. తలుపు వైపు చూసి, ఎవరూ లేరని తెలిసినా గొంతు తగ్గించింది.

“ఆణ్ని నేనే మట్టిల పెట్టొచ్చిన సార్.”