బండి వద్దన్న మనిషి

గనిలో పైకప్పు విరిగిపడి ఓదెలు తొడ నలిగింది. తోటి కార్మికురాలు సమ్మక్క తువ్వాలతో బిగించి కట్టినా నెత్తురు ఆగలేదు. దెబ్బ తిన్నవాళ్లను పైకి చేర్చే మరబండి తనంతట తానే వచ్చి, అతని నాడి చూసి, "బతికే అవకాశం తక్కువ, తీసుకెళ్లను" అని వెనుదిరిగింది.

"నువ్వన్న పో సమ్మక్కా, పైకప్పు ఇంకా కదులుతాంది," అన్నాడు ఓదెలు.

"సప్పుడు చెయ్యకు అన్నా."

సమ్మక్క రాయి అందుకుని తన ఎడమచేతి మీద బలంగా కొట్టుకుంది. ఆ కేకకు మరబండి తిరిగొచ్చి ఆమె నాడి చూసింది.

"మీరు బతుకుతారు. ఎక్కండి."

ఆమె ఓదెలును ముందు ఈడ్చి పడుకోబెట్టి, అతన్ని కరుచుకుని తానూ ఎక్కింది. ఆమెను వదిలి పోలేక బండి ఇద్దరితోనూ కదిలింది. కాసేపటికే వెనక పైకప్పంతా కూలింది.

పైన డాక్టర్ ఆమె చెయ్యి పట్టుకోబోయాడు.

"నాది తర్వాత సారూ, ముందు అన్నను సూడు. ఇంకా ఊపిరున్నది."

ఓదెలు బతికాడు. సమ్మక్క వేళ్లు రెండు మళ్లీ ముడుచుకోలేదు.