బుడగల లెక్క

"ముట్టుకోకు మామా! అన్నీ సెట్ చేసి పెట్టిన. జర కదిలినా నా లెక్కంత ఖతం," అంటూ ఉదయ్ ల్యాప్‌టాప్‌ను కొత్త వంటింటి గట్టు మీద పెట్టాడు.

వెంకటనారాయణ భయంగా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. సూర్యాపేటలో ఆయన కట్టిన ఇంటికి ఈరోజే గృహప్రవేశం. పది నలభై రెండుకు పాలు పొంగాలి, అదీ తూర్పుకే పొంగాలి. రైస్ మిల్లు తెరిచిన రోజున పాలు పడమటికి పొంగాయి, మిల్లు ఆర్నెల్లకే మూతపడింది. ఆ మాటను భార్య శ్యామల ఇప్పటికీ అన్నంతోపాటు వడ్డిస్తూనే ఉంటుంది.

అందుకే ఈసారి మేనల్లుణ్ణి రంగంలోకి దింపాడు. ద్రవాల్లో బుడగలు ఎలా పుడతాయో, ఎటు పోతాయో కంప్యూటర్‌లో చూపించి, దాన్ని నిజం గిన్నెతో పోల్చి చూడడమే ఉదయ్ పీహెచ్‌డీ.

"కంప్యూటర్ల బుడగలు ఎట్ల పోతే పాలల్ల గూడ గట్లనే పోతయ్ మామా. అరె, థర్మామీటర్ మీ కిరాయింట్ల మర్చిపోయిన! ఐదు నిమిషాల్ల వస్త," అని బండెక్కాడు.

మార్కెట్ రోడ్డు నిండా వడ్ల ట్రాక్టర్లు. పది ముప్పై అయినా మనిషి జాడ లేదు.

"ఇగ కానియ్ నారాయణా, ముహూర్తం దాటుతది," అంది ఉదయ్ తల్లి అహల్య, పొయ్యి వెలిగిస్తూ. ఇంటి ఆడపడుచుగా పాలు పొంగించాల్సింది ఆమే.

వెంకటనారాయణ దిక్కుతోచక తెరవైపు చూశాడు. బుడగలు! రంగురంగులవి, మెల్లగా తేలుతూ, అంచులకు తగిలి వెనక్కి వస్తున్నాయి. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, మంట తగ్గియ్! గీడ బుడగలు నిమ్మళంగున్నయ్."

తగ్గించింది.

"రెండు కుడిదిక్కు గుద్దుకున్నయ్. గిన్నె జర ఎడమకు జరుపు!"

జరిపింది.

"అది గిన్నెనా, లారీ స్టీరింగా?" అని శ్యామల గొణిగింది.

"నువ్వాగు! పెద్దది మీదికొస్తున్నది... పెంచక్కా, పెంచు!"

సరిగ్గా పది నలభై రెండుకు పాలు బుసబుసా పొంగి తూర్పుకే జారాయి. చుట్టాలు చప్పట్లు కొట్టారు. వెంకటనారాయణ సంతోషం పట్టలేక కళ్ళు తుడుచుకున్నాడు. శ్యామల ల్యాప్‌టాప్ మూలకు కుంకుమ బొట్టు పెట్టి దండం కూడా పెట్టింది.

అప్పుడొచ్చాడు ఉదయ్, చెమటలు కక్కుతూ.

"నీ లెక్క బంగారం రా! ఒక్క బుడగ తప్పలే," అంటూ మామ కౌగిలించుకున్నాడు.

"లెక్క ఇంకా షురూ యాడ చేసిన? థర్మామీటర్ ఇప్పుడే తెస్తి గద!" అన్నాడు ఉదయ్.

"మరి గా బుడగలు?"

ఉదయ్ తెరను చూశాడు, బొట్టును చూశాడు.

"గది స్క్రీన్ సేవర్ మామా."