నీళ్ళకు సాక్షి

డాక్టరు కాశీవిశ్వనాథంగారి ఆస్పత్రి పెరట్లో రాగి బాన కింద మంట ఆరిపోయింది. ఆర్పించింది ప్రొహిబిషన్ సబిన్‌స్పెక్టర్ రామసుబ్బయ్య.

బాన మీద బిగుతు మూత, మూతలోంచి గొట్టం, గొట్టం చల్లబడటానికి తొట్టి, చివర సీసాలోకి చుక్కలు చుక్కలుగా తెల్లటి నీరు. ఎమ్మిగనూరులో ఉండగా ఇలాంటి సారాయి బట్టీలు పదకొండు పట్టుకున్నాడాయన. ఆదోనికి బదిలీ అయిన వారానికే పన్నెండోది దొరికినందుకు పొంగిపోయాడు. సీసాలన్నిటికీ లక్క సీలు వేయించాడు.

"ఇది సారాయి కాదయ్యా, డిస్టిల్డ్ వాటర్. ఉప్పు కలిపి నరంలోకి ఎక్కించాలి," అన్నాడు డాక్టరు. "లోపల మద్దమ్మ అని ఆలూరు పక్క పల్లె మనిషి ఉంది. కలరా. ఒంట్లో నీరంతా పోయింది. పొద్దుట్నుంచి మూత్రం లేదు. సాయంత్రంలోగా ఎక్కించకపోతే మూత్రపిండాలు ఆగిపోతాయి. కర్నూలు నుంచి సెలైన్ రావాలంటే రేపటి మాట."

"నీళ్ళైతే మంచిదే సార్. సర్కారు ల్యాబుకు పంపుతా. నెలలో రిపోర్టు వస్తాది."

"అగ్గిపుల్ల గీసి చూడు. మండుతుందేమో."

"ఎమ్మిగనూరు సారాయి గూడా మండదు సార్. సగం నీళ్ళే పోస్తారు."

"పోనీ, నువ్వే తాగి చూడు."

రామసుబ్బయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "నేను ఒట్టు పెట్టుకున్నోణ్ణి. దాని రుచే నాకు తెలీదు."

అయితే ఆయన మరీ రాతిగుండె మనిషేం కాదు. జేబులోంచి రూల్సు పుస్తకం తీశాడు. ల్యాబు లేనిచోట సారాయి రుచి ఎరిగిన మనిషి సాక్ష్యం చెల్లుతుందట. అరుగు మీద కూర్చున్న రోగుల మనుషులందరికీ వినబడేలా చదివాడు.

"నాలుక మొదట్లో మంట. గొంతులో పట్టు. ముక్కులో ఘాటు. చెవులు వెచ్చబడటం. ఈ నాలుగూ ఎరిగినవాడు చెప్పవలెను."

కాంపౌండరు చోటే సాబ్ ముందుకొచ్చి, గొట్టంలో మిగిలిన నీళ్ళు గ్లాసులోకి వంచి ఒక గుటక తాగాడు. "నీళ్ళే సార్."

"సారాయి రుచి తెలుసా నీకు?"

"తోబా, నాకు యాడ తెలుసు సార్?"

"తెలీనోడివి, ఇది సారాయి కాదని ఎట్ల చెప్తావ్?"

చోటే సాబ్ గ్లాసు అరుగు మీద పెట్టేశాడు. తెలీదంటే సాక్ష్యం చెల్లదు. తెలుసంటే తాగినట్టు ఒప్పుకున్నట్టే, కేసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మద్యనిషేధం వచ్చాక ఆదోనిలో సారాయి తాగినవాడంటూ ఒక్కడూ లేడు. రాత్రిళ్ళు వీధుల్లో తూలేవాళ్ళంతా ఒట్టి నీళ్ళు తాగి తూలుతున్నవాళ్ళే.

బండి తోలే తిమ్మన్నను పిలిచారు. నిషేధానికి ముందు తాగేవాడినని, ఇప్పుడు రుచి మర్చిపోయానని చెప్పి ఎద్దుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎమ్మిగనూరు అయ్యన్న ఆ రోజు వాయిదాకి ఆదోని కోర్టుకే వచ్చాడు. సారాయి కాచి మూడుసార్లు జైలుకెళ్ళిన మనిషి. అతన్ని పట్టుకొచ్చారు.

"కాసినాను సార్. అమ్మినాను. అది ఒప్పుకుంటా," అన్నాడు అయ్యన్న. "తాగినానని మాత్రం అనొద్దు. ఇంగో కేసు అయితాది."

మూడు గంటలైంది. డాక్టరు మద్దమ్మ చెయ్యి పట్టుకుని చూసి బయటికి వచ్చాడు. నాడి సరిగ్గా అందడం లేదు. పెద్ద చదువులు చదివినాయన, అరుగు మీదివాళ్ళకి చేతులెత్తి దండం పెట్టాడు. "ఎవరైనా ఒక్కరు చెప్పండయ్యా."

ఇద్దరు ముగ్గురు అరుగు దిగి జారుకున్నారు.

అరుగు చివర నుంచి మద్దమ్మ మొగుడు ఈరప్ప లేచాడు. చెమట తుడుచుకుంటున్న తువ్వాలును మెడకు చుట్టి బిగించుకుని ముందుకొచ్చాడు.

"నాకు తెలుసు సారూ."

"ఎప్పుడు తాగినావ్?"

"దినామూ తాగుతా. నిన్న గూడా తాగితి."

అరుగు మీద ఒక ముసలమ్మ తుపుక్కున ఉమ్మింది. పెళ్ళాం చావుబతుకుల్లో ఉంటే తాగొచ్చాడా అన్నట్టు చూశారంతా. డాక్టరు మొహం కూడా మాడిపోయింది.

ఈరప్ప గ్లాసు అందుకున్నాడు. ఒక గుక్క నోట్లో పోసుకుని కళ్ళు మూసుకున్నాడు. అటూ ఇటూ పుక్కిలించి, మింగి, చెవులు తడిమి చూసుకున్నాడు.

"నాలిక మొదట్ల మండలే. గొంతు పట్టలే. ముక్కుకు గాటు రాలే. సెవులు సల్లగుండాయి. ఇది సారాయి కాదు సారూ. నీళ్ళు."

రామసుబ్బయ్య తబ్బిబ్బయ్యాడు. ఇంత క్రమంగా చెప్పిన తాగుబోతును ఆయన తన సర్వీసులో చూడలేదు. కాగితం మీద ఈరప్ప వేలిముద్ర వేయించుకున్నాడు. సీసాల సీళ్ళు తీయించాడు. ఆ చేత్తోనే ఈరప్పకు బేడీలు వేయించాడు.

పోతూ పోతూ ఈరప్ప వార్డు కిటికీ వైపు ఒకసారి చూశాడు. తువ్వాలు మాత్రం వదులు చేసుకోలేదు.

మర్నాడు పొద్దుటికి మద్దమ్మకి మూత్రం వచ్చింది. మేజిస్ట్రేటు ముందు ఈరప్ప తాగినట్టు మళ్ళీ ఒప్పుకున్నాడు. రెండు నెలలు పడ్డాయి.

నాలుగో రోజు మద్దమ్మ లేచి కూర్చుంది. గంజి తాగింది. చుట్టూ చూసింది.

"మా ఆయప్ప యాడ సామీ?"

డాక్టరుకి ఆ మనిషి మీద కోపం ఇంకా తగ్గలేదు. "తాగినందుకు జైల్లో పెట్టారు. రోజూ తాగుతాడట కదా, తనే ఒప్పుకున్నాడు."

మద్దమ్మ ఆయన మొహంలోకి అయోమయంగా చూసింది.

"అది ఇంగెవురో అయింటారు సామీ, మా ఆయప్ప మెడలో పండరి తులసిమాల ఏసుకున్న మనిషి, పుట్టినప్పట్నుంచి సారాయి వాసన గూడా ఎరగడు."